శిశూద్యాన స్థాపకుడు ఫ్రోబెలు

ఆటకును చదువుకును పొత్తు కుదరదని పెద్దలు చిరకాలము నమ్మిరి. బిడ్డ ఆడుకొనుచున్నంతసేపు కాలము వ్యర్థమగుచున్నదనియు, పలకా బలపము చేతబట్టిన నాటినుండియే విద్య ప్రారంభమగుననియు వారి తలంపు. ఐదేండ్లు నిండని పసిబిడ్డకు తిండి, బట్ట, నిద్ర తప్ప వేరొకటి యక్కరలేదని తల్లిదండ్రులును, పండితులును, ప్రభువులును భావించుచుండిన కాలమున, ఆ యైదేండ్లే మానవజీవితమునకు పునాది యనియు, ఆ పునాదిని కట్టు పని ఆటయే యనియు చాటిన మహనీయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెలు. నేడు పెక్కు భాషలలో నిలిచిపోయిన కిండర్‌గార్టెన్ అను మాట ఆయన కల్పించినదే. ఆ మాటకు పిల్లల తోట యని యర్థము. ఆ తోటను నాటుటకు ఆయన తన జీవితమును ధారవోసెను. తుదకు ప్రభుత్వము దానిని మూయించుట కన్నులార చూచి, మరల తెరచుట చూడకయే కన్ను మూసెను.

జర్మనీ దేశపు నడుమ భాగమున తురింగియా యను అడవుల సీమ కలదు. ఆ సీమలోని ఓబర్‌వైస్‌బాక్ అను గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఫ్రోబెలు జన్మించెను. తండ్రి యోహాన్ యాకబ్ ఫ్రోబెలు లూథరన్ క్రైస్తవ మతాచార్యుడు. పలు గ్రామముల ప్రజలు ఆయన గురుత్వము క్రింద నుండిరి. ఆయన నిష్ఠాపరుడు, విద్వాంసుడు. కాని తన గ్రామముల పనులతో నింటి సంగతులు చూచుకొను తీరికలేనివాడు. శిశువునకు పది మాసములు నిండకమునుపే తల్లి మరణించెను. పసివాని పోషణము పనివాండ్రకును, పెద్ద యన్నలకును వదలివేయబడెను. తల్లి ముఖమైనను ఎరుగని యా లోటు ఆయనను జీవితాంతము వెన్నంటియుండెను.

బాలునకు నాలుగవ యేడు వచ్చునప్పటికి తండ్రి మరల వివాహమాడెను. సవతితల్లి తొలుత పిల్లవానిని ఆదరించెను. తల్లి కొరకై మొగము వాచియున్న బాలుడు ఆమె యొడిలో ప్రపంచమునే మరచెను. కాని ఆమెకు సొంతబిడ్డ కలిగినంతనే ఆదరణము తొలగెను. జర్మను భాషయందు దగ్గరివారిని, పిల్లలను సంబోధించుటకు చనువు తెలుపు మాట యొకటి కలదు. సవతితల్లి యా మాటను మాని, సేవకులతో మాటలాడు రీతిగా, ఎదుటనున్న బాలుని పరాయివానివలె పరోక్షపు మాటతో పిలువసాగెను. ఒక్క సర్వనామము మారినంతనే తాను ఇంటికి పరాయివాడైతినని యా పసివాడు గ్రహించెను. పెద్దవాడైన పిమ్మట తన జీవితగాథను వ్రాయుచు ఆయన ఈ సంగతిని మరువక పేర్కొనెను. చిన్నపిల్లలకు ఏమియు తెలియదనువారు ఈ యొక్క సంగతి తలచుకొనిన చాలును.

ప్రాకారము దాటి వీథిలోనికి పోయి సాటి పిల్లలతో ఆడుకొనుటకు అతనికి స్వేచ్ఛ లేదు. ఇంటి పెరటిలోని తోటయే అతనికి నేస్తము. మొక్కల ఆకులను, పూల రేకులను లెక్కించుచు, వాని పొందికను పరికించుచు నతడు గంటలకొలది గడుపుచుండెను. అన్న క్రిస్టాఫ్ సెలవులకు ఇంటికి వచ్చినపుడు మాత్రము బాలునకు ఓదార్పు లభించుచుండెను. తండ్రి తానే చదువు చెప్పబూని, కొడుకు మందబుద్ధి యని విసిగి, తుదకు గ్రామమందలి బాలికల పాఠశాలకు బంపెను. మందబుద్ధి యని తండ్రిచేత ముద్ర వేయబడిన బాలుడే శిశుబుద్ధి వికసించు మార్గమును లోకమునకు చూపుట దైవవిలాసము.

పదవయేట అతని యదృష్టము మారెను. తల్లికి సోదరుడైన హాఫ్‌మన్ అను మతాచార్యుడు బాలుని స్థితి చూచి జాలిపడి, 1792లో తన యూరగు ష్టాట్‌ఇల్మ్‌నకు తీసికొనిపోయెను. మేనమామ యింట బాలునకు స్వేచ్ఛయు, నమ్మకమును లభించెను. ఈడు పిల్లలతో కలిసి ఏటి యొడ్డున ఆడుకొను భాగ్యము అతనికి అదియే మొదటిసారి. అయితే నచ్చట నొక సంగతి బయటపడెను. తోడిపిల్లలు ఉరుకులు పరుగులతో ఆడు ఆటలను అతడు ఆడజాలకపోయెను. చిన్ననాట ఆటలు లేనందున కాలుసేతులకు బలమును, చురుకును అలవడలేదు. ఆట లేని బాల్యము దేహమును గూడ కుంటుపరచునను సత్యమును ఫ్రోబెలు గ్రంథములనుండి నేర్చుకొనలేదు. తన దేహమునందే తెలిసికొనెను.

పదునైదవయేట నతనిని ఒక అటవీ ఉద్యోగియొద్ద పనినేర్చుకొనుటకు రెండేండ్లు ఉంచిరి. గురువు చెప్పినది స్వల్పము. అడవి చెప్పినది యనల్పము. వృక్షశాస్త్రమును, రేఖాగణితమును అతడు సొంతముగా చదువుకొనెను. 1799లో యేనా విశ్వవిద్యాలయమున చేరెను. చేతనున్న కొలదిసొమ్ములో కొంత అన్నకు అప్పిచ్చి, తాను అప్పులపాలై, విశ్వవిద్యాలయపు కారాగారమున తొమ్మిది వారములు గడపవలసివచ్చెను. పిత్రార్జితముపై తనకు గల హక్కును వదలుకొన్న పిమ్మటనే విడుదల లభించెను. అటుపిమ్మట గుమాస్తాగిరి, భూముల కొలత, కమతపు లెక్కలు మొదలగు పనులలో కొన్నియేండ్లు తిరిగెను. ఏ పనియు మనసున కెక్కలేదు.

1805లో వాస్తుశాస్త్రము నేర్చుకొనవలెనని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోయెను. అచ్చట నొక మాదిరి పాఠశాలకు ప్రధానాచార్యుడైన గ్రూనరు ఫ్రోబెలును చూచి, ఇండ్లు కట్టుటకంటె మనుష్యులను తీర్చిదిద్దుటయే నీకు తగినదని బోధించి, ఉపాధ్యాయ పదవి నొసగెను. ముప్పది నలుబది మంది పిల్లల యెదుట నిలిచిన తొలిదినముననే తన స్థానము ఎచ్చటనో ఆయనకు తెలిసెను. అప్పటికి వయస్సు ఇరువదిమూడేండ్లు.

ఆ కాలమున స్విట్జర్లాండు దేశమున ఇవర్డన్ అను పట్టణమందు పెస్టలోజీ మహాశయుడు నడుపుచుండిన పాఠశాల యూరపు ఖండమంతటను ప్రసిద్ధి గాంచియుండెను. బెత్తమునకు బదులు ప్రేమతోను, కంఠస్థమునకు బదులు కన్నులతో చూచి, చేతులతో తాకి నేర్చుకొను పద్ధతితోను ఆయన బోధించుచుండెను. ఫ్రోబెలు 1805లో కొలదిదినములును, మరల ముగ్గురు శిష్యులను వెంటబెట్టుకొని 1808 నుండి 1810 వరకును అచ్చట వసించెను. గురువునందు అపారమైన భక్తి కుదిరెను గాని, పాఠశాలలోని విషయముల నడుమ నొక సంబంధము కుదరలేదని ఆయన మనసునకు తోచెను. అంతకంటె ముఖ్యమైన చింత వేరొకటి కలిగెను. బడికి వచ్చునప్పటికే పిల్లవాని స్వభావము చాలవరకు రూపుదిద్దుకొనియుండును గదా, అంతకుముందటి కాలమును చూచువారెవ్వరను ప్రశ్న ఆయనను వదలలేదు.

అటుపిమ్మట ఆయన గొట్టింజెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయములలో ప్రకృతిశాస్త్రములు చదివెను. బెర్లినులో వైస్ అను ఆచార్యునియొద్ద స్ఫటికముల శాస్త్రమును అభ్యసించెను. రాతిలో నిగూఢమైయున్న నియమము స్ఫటికమునకు లోపలినుండియే కోణములను, తలములను కల్పించుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. శిశువునందును అట్టి నియమమే కలదనియు, బయటినుండి మూసలో పోయుట గాక, లోపలిదానిని వెలికి రానిచ్చుటయే విద్య యనియు ఆయనకు దృఢనిశ్చయము కలిగెను. తరువాత ఆయన పిల్లల చేతికిచ్చిన చెక్కగోళమును, ఘనమును ఈ స్ఫటికముల చదువునకు దూరపు బంధువులు కావు.

1813లో నెపోలియనుపై యుద్ధము సాగినపుడు ఫ్రోబెలు స్వచ్ఛంద సైనికుడై లుట్సో దళమున చేరెను. ఆ దండులో లాంగెథాల్, మిడెండార్ఫ్ అను ఇద్దరు యువకులు ఆయనకు మిత్రులైరి. గుడారములలో కూర్చుండి యీ మువ్వురు విద్యనుగూర్చి చర్చించుచుండిరి. ఆ స్నేహము చిరకాలము నిలిచెను. యుద్ధానంతరము బెర్లినులోని ఖనిజ ప్రదర్శనశాలలో ఫ్రోబెలునకు మంచి యుద్యోగము దొరకెను. అంతకుమునుపే అన్న క్రిస్టాఫ్ రోగులైన సైనికులకు సేవ చేయుచు, ఆ జ్వరమే తనకును సోకి మరణించెను. వదినెయు, తండ్రిలేని ముగ్గురు పిల్లలును మిగిలిరి. చిన్ననాడు తన్ను ఓదార్చిన యన్న బిడ్డలకు తండ్రియగుట తన విధి యని తలంచి, ఫ్రోబెలు ఉద్యోగమును వదలి, 1816లో గ్రీస్‌హైమ్ అను గ్రామమున ఐదుగురు అన్నల కుమారులతో పాఠశాల తెరచెను. మరుసటి యేడు అది కైల్‌హౌ అను పల్లెకు మారెను. మిత్రులిద్దరును వచ్చి చేరిరి. 1818లో బెర్లిను వనిత విల్‌హెల్మినె హాఫ్‌మైస్టరును ఆయన వివాహమాడెను. సంపన్నమైన కుటుంబమున పెరిగిన యామె పల్లెపాఠశాలలోని లేమిని ఇష్టపూర్వకముగా పంచుకొనెను. వారికి సంతానము కలుగలేదు.

కైల్‌హౌలో చదువుతోపాటు తోటపని, వడ్రంగము, కొండలయందు సంచారము, ఆటలు నిత్యకృత్యములు. విద్యార్థుల సంఖ్య క్రమముగ పెరిగెను. 1826లో మానవవిద్య యను గ్రంథమును ఫ్రోబెలు ప్రకటించెను. బాల్యమునందలి ఆట వ్యర్థము కాదనియు, మానవుని యంతరంగము స్వేచ్ఛగా వెలికివచ్చు తొలి రూపము ఆటయే యనియు, మనఃపూర్వకముగా అలసిపోవునంతదాక ఆడు బిడ్డయే రేపు దృఢచిత్తుడగు మనుష్యుడగుననియు అందు వివరించెను. కాని యా కాలమున జర్మను ప్రభువులకు స్వేచ్ఛ యను మాటయన్న భయము. కైల్‌హౌ విప్లవకారుల గూడని ప్రష్యా ప్రభుత్వమునకు అనుమానము కలిగెను. విచారణకు వచ్చిన యధికారి పాఠశాలను మెచ్చుకొనుచు నివేదిక వ్రాసినను, పుకారు ఆగలేదు. తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించుకొనిపోయిరి. కొలదియేండ్లలోనే విద్యార్థులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే మిగిలిరి. 1831లో ఫ్రోబెలు స్విట్జర్లాండునకు తరలి, అచ్చట పాఠశాలలను స్థాపించి, 1835లో బుర్గ్‌డార్ఫ్ పట్టణపు అనాథశరణాలయమునకు పెద్దయై పనిచేసెను. చిన్ననాట తల్లిని కోల్పోయిన యాయనకు తల్లిలేని పిల్లలమధ్య పాతప్రశ్న మరల ఎదురయ్యెను. బడియీడు రాని పసివారి కొరకే ఏదియైన చేయవలెనను సంకల్పము అచ్చట గట్టిపడెను.

భార్యకు జబ్బుచేయుటచే 1836లో వారు స్వదేశమునకు మరలివచ్చిరి. 1837లో కైల్‌హౌకు సమీపమున బ్లాంకెన్‌బర్గ్ అను చిన్న పట్టణమున, పసిపిల్లల ఆటవస్తువులను తయారుచేయు సంస్థను ఫ్రోబెలు నెలకొల్పెను. అప్పటికి ఆయనకు ఏబదియైదేండ్లు. ఆ వయస్సున ఆయన బంతులు, చెక్కముక్కలు పుచ్చుకొని నేలపై కూర్చుండి పిల్లలతో ఆడ మొదలిడెను. ఆ వస్తువులకు ఆయన కానుకలని పేరిడెను.

మొదటి కానుక మెత్తని ఉన్నిబంతులు ఆరు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము, ఊదా రంగులు గలవి. బంతికి దారము కట్టి తల్లి బిడ్డయెదుట ఊపును, దాచును, మరల చూపును. బిడ్డ దానిని పట్టుకొనును, వదలును, వెదకును. కనబడకపోయినను వస్తువు లేకపోలేదని యా పసివాడు ఈ చిన్న యాటవలననే గ్రహించును. చూపును, పట్టును, మాటయును ఒక్కసారి ఎదుగును. రెండవ కానుక చెక్కతో చేసిన గోళము, స్తంభము, ఘనము. గోళము ఎటు త్రోసిన నటు దొర్లును. ఘనము నిలిచినచోట నిలుచును. స్తంభము పరుండబెట్టిన దొర్లును, నిలువబెట్టిన నిలుచును. రెండు విరుద్ధగుణములను మూడవది కలుపుట బిడ్డ తన చేతులతో కనుగొనును.

మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనములుగా విడివడు పెద్ద ఘనము. పిల్లవాడు వస్తువును పగులగొట్టుట చెడ్డతనము కాదనియు, లోపల నేమున్నదో చూడగోరు జిజ్ఞాస యనియు ఫ్రోబెలు ఎరిగినవాడు. కావున విడదీసినను పాడుగాక మరల కూడునట్టి వస్తువును చేతికిచ్చెను. ఆ ఎనిమిది ముక్కలతో బిడ్డ కుర్చీ, బల్ల, మెట్లు, వంతెన కట్టును. అవి జీవితరూపములు. ముగ్గువలె నలుదెసల సమముగ పేర్చును. అవి సౌందర్యరూపములు. సగము, పావు, రెండు నాలుగులు ఎనిమిది యని లెక్కించును. అవి జ్ఞానరూపములు. ఒక రూపమును పడగొట్టక దానినే కొంచెము మార్చి మరియొక రూపము చేయవలెను. ఏ ముక్కను వృథాగా విడువరాదు. ఆట ముగిసిన పిమ్మట ముక్కలన్నియు పెట్టెలో పొందికగా చేరి మరల నొక్క ఘనమగును. తరువాతి కానుకలలో ముక్కలు హెచ్చును, ఆకారములు మారును. వీనికి తోడు కాగితములు మడచుట, కాగితపు పట్టీలతో చాపవలె అల్లుట, పుల్లలు పేర్చుట, మట్టితో బొమ్మలు చేయుట మొదలగు చేతిపనులను గూడ ఆయన చేర్చెను.

బొమ్మలతోనే ఆయన పని ముగియలేదు. పిల్లలు చేయిచేయి పట్టుకొని వలయముగా నిలిచి ఆడు ఆటపాటలను కూర్చెను. వలయములో మొదటివాడు, చివరివాడు ఉండరు. బిడియపడు బిడ్డయు, దుడుకువాడును అందులో సమానముగ నడుగు కలుపవలసినవారే. ప్రతి బిడ్డకును చిన్న పాది యొక్కటి యొసగి, అందు విత్తనము నాటి నీరుపోయు భారము వానికే విడిచెను. చుట్టును అందరి యుమ్మడి మడులు ఉండెను. తనది కాపాడుకొనుట, పదిమందిదానిని గౌరవించుట రెండును అచ్చటనే అలవడెను. 1844లో తల్లుల కొరకు ఆయన ప్రకటించిన పాటల గ్రంథమున వ్రేళ్ళతో ఆడు ఆటలు బొమ్మలతోసహ కలవు. పల్లెటూరి తల్లులు ఎవరును నేర్పకయే బిడ్డలతో ఆడు ఆటలను ఆయన శ్రద్ధతో గమనించి, వానియందలి యర్థమును తల్లులకే తెలియజెప్పెను. తెలుగునాట అమ్మమ్మలు బిడ్డ యరచేతిలో పప్పు రుబ్బినట్లు ఆడించి చక్కిలిగిలి పెట్టు ఆటయు అట్టిదే. ఎంత సామాన్యమైన యాటలో ఎంత బోధ దాగియున్నదో చూపుటయే ఆయన చేసిన క్రొత్తపని.

1839లో విల్‌హెల్మినె మరణించెను. ఆ దుఃఖములో సైతము ఫ్రోబెలు పని మానలేదు. పసివారి యీ నెలవునకు ఏ పేరు పెట్టవలెనో చిరకాలము తోచలేదు. పాఠశాల యనుటకు ఆయనకు ఇష్టము లేదు. 1840 వసంతకాలమున మిత్రులతో కొండదారిని నడచుచు క్రిందనున్న లోయను చూచినపుడు పిల్లల తోట యను పేరు ఆయనకు స్ఫురించెను. తోటమాలి మొక్కను లాగి పెంచడు. నీరు, వెలుతురు, నేల సమకూర్చి, కలుపు తీసి, దాని కాలమున దానిని పెరుగనిచ్చును. ఆ యేడు జూన్ 28వ తేదీన ఆ సంస్థ లాంఛనముగా ప్రారంభింపబడెను. గుటెన్‌బర్గు అచ్చుయంత్రమును కనుగొని నన్నూరేండ్లు నిండిన యుత్సవమును జర్మను ప్రజలు జరుపుకొన్న దినము అదియే. పుస్తకమును ఇంటింటికి చేర్చిన వాని పండుగనాడే, పుస్తకము పట్టలేని పసివారి విద్యాలయము వెలయుట గ్రంథాలయాభిమానులు మరువరాని సంగతి.

పేరు కుదిరెను గాని ధనము కుదరలేదు. జర్మను స్త్రీలందరును పది టాలర్ల వాటాలు కొని యీ సంస్థను నిలుపవలెనని ఆయన విన్నపము ప్రకటించెను. కొన్నవారు అత్యల్పులు. డబ్బు వ్యవహారములలో ఫ్రోబెలు ఎన్నడును నేర్పరి కాడు. ఆయన వ్రాత సామాన్యులకు కొరుకుడుపడనిది. తన యభిప్రాయమునకు ఎదురాడినచో సహింపలేని పట్టుదలయు ఆయనకుండెను. మిత్రులు ఈ లోపములనెల్ల ఓర్చుకొని ఆయన వెంట నిలిచిరి. బ్లాంకెన్‌బర్గులోని శిశూద్యానము కొలదికాలమునకే మూతపడెను. ఆయన నిరాశ చెందక ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చెను. పసివారిని పెంచుటకు స్త్రీలే తగినవారనియు, దానికి ప్రేమ మాత్రము చాలదు, శిక్షణము గూడ కావలెననియు వాదించి, యువతులకు శిక్షణతరగతులు నడపెను. పురుషులే బోధకులుగా నున్న యా కాలమున స్త్రీలకు గౌరవప్రదమైన వృత్తి యొకటి ఈ విధముగ ఏర్పడెను. కొందరు ఉపాధ్యాయులు నవ్విరి. 1848లో రుడోల్‌ష్టాట్ పట్టణమున జరిగిన ఉపాధ్యాయుల సభలో పిల్లలచే ఆటలాడించి చూపిన పిమ్మట, నవ్విన వారిలో కొందరైనను ఆలోచింప మొదలిడిరి.

1849లో ఆయన బాడ్ లీబెన్‌ష్టైన్ అను ఊటనీటి యూరికి చేరెను. తలనెరసిన వృద్ధుడొకడు పల్లెపిల్లలతో గంతులు వేయుచున్నాడని అచ్చటివారు ఆయనను వెఱ్ఱివానిగా జమకట్టిరి. ఆ మాట విని చూడవచ్చిన మారెన్‌హోల్జ్ బ్యూలో అను ప్రభువంశపు వనిత ఆయన యాటను చూచి, అందలి గాంభీర్యమును గ్రహించి, ఆనాటినుండి ఆయనకు శిష్యురాలయ్యెను. డీస్టర్‌వెగ్ వంటి ప్రసిద్ధ విద్యావేత్తను ఆమెయే ఆయనయొద్దకు తీసికొనివచ్చెను. మైనింజెన్ ప్రభువు మారియెన్‌థాల్ అను భవనమును శిక్షణాలయమున కొసగెను. 1851లో తన శిష్యురాలును, సహకారిణియు నగు లూయిసె లెవీనును ఆయన వివాహమాడెను. పడిన శ్రమలన్నియు గట్టెక్కినట్లు తోచెను.

ఆ సంవత్సరముననే ఆగస్టు 7వ తేదీన పిడుగు పడెను. ప్రష్యా దేశమున శిశూద్యానములన్నిటిని మూసివేయవలెనని విద్యామంత్రి రౌమరు శాసనము చేసెను. అవి సామ్యవాదమును, నాస్తికత్వమును పసివారికి నూరిపోయు కుట్రలో భాగమని ఆరోపణము. స్త్రీల విద్యను, శిశూద్యానములను గూర్చి చిన్న పుస్తకమొకటి ప్రకటించిన ఫ్రోబెలు అన్న కుమారుడు కార్ల్ అభిప్రాయములను ఈయనవిగా ఎంచుటచే ఆ పొరపాటు జరిగెను. ఆ రచన తనది కాదనియు, తాను దైవభక్తుడననియు ఫ్రోబెలు మంత్రికి తెలియజేసెను. రాజునకు విన్నవించెను. పొరపాటు తెలిసిన పిమ్మటను శాసనము రద్దు కాలేదు. 1848 నాటి విప్లవమువలన బెదరిన ప్రభుత్వమునకు, పిల్లలు బెత్తము లేక స్వేచ్ఛగా పెరుగుటయే అనుమానాస్పదముగ నుండెను. బంతులకు, చెక్కముక్కలకు వెఱచిన ప్రభుత్వము చరిత్రలో అరుదు.

ఈ దెబ్బనుండి డెబ్బదియేండ్ల వృద్ధుడు కోలుకొనలేదు. 1852 ఏప్రిల్ మాసమున శిష్యురాండ్రును, పిల్లలును కలిసి ఆయన డెబ్బదవ జన్మదినమును పూలతో, పాటలతో జరిపిరి. రెండు మాసములు గడచినవి. జూన్ 21వ తేదీన మారియెన్‌థాలునందు ఆయన ప్రశాంతముగ కన్ను మూసెను. సమీపమున ష్వైనా గ్రామపు శ్మశానవాటికలో ఆయన సమాధిపై మిత్రుడు మిడెండార్ఫ్ యోజించిన స్మారకచిహ్నము నిలిచియున్నది. అడుగున ఘనము, దానిపై స్తంభము, ఆపైన గోళము. పసివారి రెండవ కానుకయే ఆ యాచార్యునకు సమాధి యయ్యెను.

నిషేధము 1860లో తొలగెను. అప్పటికే విత్తనములు ఎగిరిపోయి యితర దేశములలో మొలచియుండెను. మారెన్‌హోల్జ్ బ్యూలో ఇంగ్లండు, ఫ్రాన్సు మొదలగు దేశములు తిరిగి ప్రచారము చేసెను. లూయిసె 1900 సంవత్సరము వరకు జీవించి భర్త పనిని సాగించెను. స్వదేశము విడిచిన జర్మనులు శిశూద్యానములను తమతో కొనిపోయిరి. 1851లో లండనునందును, 1856లో అమెరికాలోని వాటర్‌టౌనునందును అవి వెలసెను. 1860లో బోస్టనునందు ఎలిజబెత్ పీబాడీ ఆంగ్లభాషలో బోధించు శిశూద్యానమును తెరచెను. 1873లో సెయింట్ లూయిస్ నగరమున సుసాన్ బ్లో శ్రమచే అది ప్రభుత్వపాఠశాలలో భాగమయ్యెను. 1876లో జపాను రాజధానియగు టోక్యో చేరెను. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్ననాడు తల్లి కొనియిచ్చిన ఫ్రోబెలు ముక్కలే తన శిల్పమునకు మూలమని వృద్ధాప్యమున చెప్పుకొనెను.

గురువు కాలధర్మము చెందిన పిమ్మట శిష్యులలో కొందరు ఆయన కానుకలను ఆచారముగ మార్చిరి. ఇన్ని నిమిషములు ఈ ముక్క, ఇన్ని నిమిషములు ఆ ముక్క యని కవాతువలె ఆడించిరి. స్వేచ్ఛ పోయినచో ఆట గూడ పాఠమే యగును. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో స్టాన్లీ హాల్, జాన్ డ్యూయీ మొదలగువారు ఈ దోషమును ఖండించిరి. ఫ్రోబెలు వేదాంతమును వారు విడిచిరి గాని, ఆటయే శిశువిద్యకు మూలమను సూత్రమును విడువలేదు.

ఆ సూత్రము బడినుండి వైద్యశాలకును సాగెను. మాటలలో చెప్పలేని భయమును, దుఃఖమును బిడ్డ ఆటలో వెలిబుచ్చునని ఇరువదవ శతాబ్దమున మనోవైద్యులు గ్రహించిరి. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1928లో లండనునందు పిల్లల కొరకు వైద్యశాల తెరచి, ఇసుకపెట్టెను, చిన్నచిన్న బొమ్మలను వారి కిచ్చి, వారు కట్టిన లోకములనుండి వారి మనసు తెలిసికొనెను. అమెరికాలో వర్జీనియా యాక్స్‌లైన్ 1947లో ఆటచికిత్సను గూర్చి గ్రంథమును ప్రకటించెను. బిడ్డను తొందరపెట్టక, వాడు ఎంచుకొనిన యాటనే యాడనిచ్చి, పెద్దలు ఓర్పుతో పక్కన నుండుట ఆమె పద్ధతి. మాట ఆలస్యమైన పిల్లలకు, బెదరిన పిల్లలకు, నలుగురిలో కలియలేని పిల్లలకు నేడు ఆటద్వారా తోడ్పడు చికిత్సకులు పెక్కు దేశములలో కలరు. వీరందరు ఫ్రోబెలు శిష్యులు కారు. ఆయన వైద్యుడును కాడు. అయినను ఆట బిడ్డకు భాష యని ముందుగా గుర్తించి, ఆ భాషను పెద్దలు నేర్చుకొనవలెనని పట్టుబట్టినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

భారతదేశమునకు ఈ భావములు పలు దారుల వచ్చెను. మద్రాసు అడయారులో మారియా మాంటిసోరీ 1939లో శిక్షణతరగతులు ప్రారంభించెను. ఆమె పద్ధతి వేరైనను, పసివాని చేతికి పని కల్పించవలెనను మూలసూత్రము ఇరువురకును సమానమే. 1975 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముచే అంగన్‌వాడీలు పల్లెపల్లెకు వచ్చి, ఆరేండ్లలోపు బిడ్డలకు పోషకాహారముతోపాటు ఆటపాటలతో కూడిన పూర్వవిద్యను గూడ చేర్చుకొనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్ల వరకు విద్య ఆటమూలముగ సాగవలెనని నిర్ణయించెను. తురింగియా యడవులలో వెఱ్ఱియని నవ్వబడిన తలంపు ఈనాడు ప్రభుత్వవిధానములలో చోటు సంపాదించెను.

ఫ్రోబెలు కానుకలు కొనుటకు ధనము కావలెనని ఎవ్వరును చింతింపనక్కరలేదు. చింతగింజలు, గవ్వలు, తాటాకులు, బంకమన్ను, ఇసుక పల్లెలలో కొరత లేనివి. కొరత పడుచున్నది పెద్దల తీరికయే. తండ్రికి తీరిక లేక, తల్లి లేక, తోటగోడలమధ్య ఒంటరిగ పెరిగిన బాలుడొకడు తాను పొందని దానిని లోకములోని పిల్లలందరికి సంపాదించి పెట్టెను. బిడ్డ ఆడుకొనుచుండగా పిలిచి కసరక, ఒకింతసేపు వానిపక్కన నేలపై కూర్చుండు తల్లియు, తండ్రియు ఆయన ఋణమును కొంత తీర్చినవారగుదురు.